రోడ్డు లేని కొండ మీది కలపను గాల్లో దించడం: హెలికాప్టర్, తీగమార్గం, బెలూన్ (చర్చ)

వనవిద్య:
అందరికీ నమస్కారం. నేను ఫారెస్ట్రీ చదువుతున్నాను. రోడ్డు వెయ్యడానికి వీల్లేని అడవుల నుంచి కలప ఎలా తరలిస్తారన్నది ఈసారి నాకిచ్చిన ప్రాజెక్ట్. హెలికాప్టర్ లాగింగ్ గురించి మా పుస్తకంలో ఒక్క పేరానే ఉంది: ఖర్చు ఎక్కువ, నేలకు నష్టం తక్కువ. అక్కడితో సరి.

నాకు అంతకంటే లోతుగా కావాలి. హెలికాప్టర్‌కి దుంగ ఎలా తగిలిస్తారు? ఎంత బరువు ఎత్తుతుంది? ఎప్పుడు గిట్టుబాటవుతుంది? బెలూన్లతో కూడా లాగారని ఎక్కడో చదివాను, అది నిజమేనా? ఈ పని దగ్గర నుంచి చూసినవాళ్ళు ఎవరైనా ఉంటే చెప్పండి, ప్లీజ్.

గాలిమర:
నేను కెనడా పడమటి తీరంలో లాగింగ్ హెలికాప్టర్లకు మెయింటెనెన్స్ చేశాను. తెలిసినంత చెబుతాను.

ముందు పని ఎలా సాగుతుందో చూడండి. చెట్లు కొట్టి, కొమ్మలు తీసి, ఎంత పొడవు ఉండాలో అంతకు కోసి వాలు మీదే వదిలేస్తారు. కింద ఉన్న మనిషి ఒక్కో దుంగకు చోకర్ వేస్తాడు. చోకర్ అంటే ఉచ్చులా బిగుసుకునే చిన్న ఇనుప తాడు. హెలికాప్టర్ కడుపు కింద నుంచి సుమారు 45 నుంచి 90 మీటర్ల తాడు వేలాడుతుంది, దాన్ని లాంగ్‌లైన్ అంటాం. దాని చివర ఒక హుక్ ఉంటుంది, దాన్ని పైలట్ కాక్‌పిట్‌లో బటన్ నొక్కి తెరుస్తాడు. కింద మనిషి చోకర్ కొసలను ఆ హుక్‌కి తగిలించి పక్కకు వెళ్ళిపోయి రేడియోలో చెబుతాడు. పైలట్ నెమ్మదిగా తాడు బిగించి, బరువు చూసుకుని ఎత్తుతాడు. దుంగల్ని దించే చోటును ల్యాండింగ్ అంటాం. అక్కడ దించాక ఇంకొకరు చోకర్లు విప్పుతారు, లోడర్ వచ్చి దుంగలు పక్కకు జరుపుతుంది. హెలికాప్టర్ ఆగదు, వెంటనే వెనక్కి పోతుంది.

ఈ మొత్తం చక్రం రెండు మూడు నిమిషాల్లో అయిపోవాలి. లెక్క మొత్తం ఇక్కడే ఉంది. రెండున్నర నిమిషాలైతే గంటకు 24 ట్రిప్పులు. ల్యాండింగ్ ఇంకొంచెం దూరమై ఒక్కో ట్రిప్పుకి ఒక్క నిమిషం పెరిగిందనుకోండి, 17కి పడిపోతాయి. ఇంధనం, జీతాలు, స్పేర్ పార్ట్స్ మాత్రం గంటకు అదే ఖర్చు. అందుకే ల్యాండింగ్ ఒక మైలు లోపలే ఉండేలా చూస్తారు, వీలైతే ఇంకా దగ్గరగా.

మెషిన్ల సంగతి. 1971లో కాలిఫోర్నియాలో సికోర్‌స్కీ ఎస్-61తో ఈ పని వ్యాపారంగా మొదలైందని చెబుతారు. కొలంబియా హెలికాప్టర్స్ అధిపతి వెస్ లెమాటా, కలప వ్యాపారి జాక్ ఎరిక్సన్ కలిసి మొదలుపెట్టారు. తర్వాత ఎరిక్సన్ ఎస్-64 స్కైక్రేన్ వైపు వెళ్ళాడు. అది రకాన్ని బట్టి 20,000 నుంచి 25,000 పౌండ్ల దాకా ఎత్తుతుంది, అంటే 9 నుంచి 11 టన్నులు. కొలంబియా వాళ్ళు రెండు రోటార్ల (తిరిగే రెక్కల) వెర్టోల్ 107, చినూక్ 234 వాడారు. రష్యా కామోవ్ కా-32 సుమారు 5 టన్నులు ఎత్తుతుంది, కెనడాలో, స్విట్జర్లాండ్‌లో కూడా పనిచేసింది.

నాకు బాగా ఇష్టమైనది కామన్ కె-మ్యాక్స్. దీన్ని బరువులెత్తే పనికనే ప్రత్యేకంగా తయారుచేశారు. పక్కపక్కనే రెండు రోటార్లు ఒకదాని రెక్కల మధ్య నుంచి ఇంకొకటి తిరుగుతాయి. తోక రోటార్ లేదు, కాబట్టి ఇంజన్ శక్తి మొత్తం ఎత్తడానికే పోతుంది. ఖాళీ బరువు 5,145 పౌండ్లు, ఎత్తేది 6,000 పౌండ్లు. తన బరువు కంటే ఎక్కువ మోస్తుందన్నమాట. ఒక్కరే పైలట్. క్యాబిన్ సన్నగా ఉంటుంది, రెండు పక్కలా ఉబ్బెత్తు కిటికీలు. పైలట్ పక్కకు వంగి, తల బయటికి పెట్టినట్టుగా నేరుగా కిందికి చూస్తూ నడుపుతాడు. రోజంతా అదే భంగిమ. మెడ, నడుము నొప్పి లేని లాంగ్‌లైన్ పైలట్‌ని నేను చూడలేదు.

పచ్చకొండ:
గాలిమర గారు చెప్పినవన్నీ సరే. కానీ ఇందులో ఒక మాట రాలేదు. గంటకు అంత ఖర్చయ్యే మెషిన్ పైకి లేచిందంటే, అది పట్టుకొచ్చే దుంగ ఆ ఖర్చు రాబట్టాలి. కాబట్టి కొండ మీద ఏ చెట్టుకు ఎక్కువ ధర వస్తుందో దాన్నే కొడతారు. కెనడాలోని బ్రిటిష్ కొలంబియాలో ఎర్ర సీడార్, సైప్రస్ లాంటివి, అందులోనూ పెద్దవి, పాతవి. వంకర చెట్లు, చిన్నవి, పుచ్చువి అక్కడే ఉండిపోతాయి. అడవి పచ్చగానే కనిపిస్తుంది కానీ అందులో మేలైన చెట్లు ఉండవు. మంచి విత్తనం ఇచ్చే తల్లి చెట్లు ముందు పోతే ఆ అడవి రాబోయే వందేళ్ళు ఎలా ఉంటుందో ఆలోచించండి.

ఇంకోటి. ఇన్నాళ్ళూ కొన్ని అడవులను కాపాడింది చట్టం కాదు, వాటి వాలు. రోడ్డు వెళ్ళలేదు కాబట్టి గొడ్డలి వెళ్ళలేదు. హెలికాప్టర్ వచ్చాక ఆ అడ్డు పోయింది. 'నేలకు నష్టం తక్కువ' అని మీ పుస్తకం రాసిన పక్కనే ఇది కూడా రాయాలి.

తీగలదారి:
అమ్మా వనవిద్యా, గాల్లో దించడమంటే హెలికాప్టర్ ఒక్కటే అనుకోకు. దానికంటే ముందు నుంచీ ఉన్నది, ఇప్పటికీ ఎక్కువ కలప దించేది తీగమార్గం. నా ఉద్యోగమంతా అందులోనే గడిచింది.

స్కైలైన్ అంటే లోయకు ఈ గట్టు నుంచి ఆ గట్టుకు కట్టిన లావు ఇనుప తాడు. దాని మీద చక్రాల క్యారేజ్ తిరుగుతుంది. క్యారేజ్ నుంచి ఇంకో తాడు కిందికి జారి దుంగను లేపుతుంది, విన్చ్ (తాడు చుట్టి లాగే యంత్రం) దాన్ని రోడ్డు పక్కకు లాగుతుంది. దుంగ పూర్తిగా గాల్లో ఉంటే నేల గీరుకోదు, ఒక కొస మాత్రమే లేస్తే కొంచెం గీరుకుంటుంది. స్విట్జర్లాండ్ విస్సెన్ తీగమార్గాలు, ఆస్ట్రియా టవర్ యార్డర్లు (స్తంభం, విన్చ్ కలిసి ఉన్న యంత్రాలు) ఆల్ప్స్‌లో దశాబ్దాలుగా ఇదే పని చేస్తున్నాయి.

ఇక్కడ అసలు కీలకం తాడు ఎంత కిందికి వంగుతుందన్నది. ఈ లెక్క నీ ప్రాజెక్ట్‌లో తప్పకుండా పెట్టు. బరువు సరిగ్గా మధ్యలో ఉందనుకుందాం. తాడు పొడవులో 10 శాతం కిందికి వంగితే, తాడులో బిగువు దాదాపు బరువుకు రెండున్నర రెట్లు. అదే 5 శాతమే వంగితే అయిదు రెట్లు. అంటే 3 టన్నుల దుంగకు 10 శాతం వంపులో ఏడున్నర టన్నుల బిగువు, 5 శాతం వంపులో 15 టన్నులు. తాడు సొంత బరువు ఇంకా కలపలేదు. తాడు తెగే బలంలో మూడో వంతు కంటే ఎక్కువ వాడకూడదన్నది మామూలు నియమం. కాబట్టి లోయ పుటాకారంగా ఉంటే స్కైలైన్ హాయిగా పనిచేస్తుంది. మధ్యలో ఉబ్బుగా ఉన్న వాలు మీద తాడు నేలకు తగులుతుంది. దాన్ని పైకి లేపాలని బిగిస్తే లంగరు వేసిన మొద్దే ఊడి వస్తుంది.

ఇంకో అవసరం, కనీసం ఒక చివరైనా రోడ్డు ఉండాలి. అది లేని చోటే హెలికాప్టర్ ప్రశ్న వస్తుంది. స్కైలైన్‌కి కొండ కొలిచి చూసి, 'ఇది కుదరదు' అని తేలాక మాత్రమే హెలికాప్టర్‌ని పిలవాలన్నది నా అభిప్రాయం.

వనవిద్య:
బాబాయ్ గారూ, ఈ 5 శాతం, 10 శాతం లెక్క మా క్లాసులో ఎవ్వరూ ఇంత తేలిగ్గా చెప్పలేదు. చాలా థాంక్స్.

గాలిమర గారూ, దుంగ బరువు ముందే ఎలా తెలుస్తుంది? అడవిలో తూకం ఉండదు కదా.

గాలిమర:
మంచి ప్రశ్న. హెలికాప్టర్‌లో లోడ్ సెల్ ఉంటుంది, తాడు మీద ఎంత బరువు పడుతోందో పైలట్‌కి కనిపిస్తుంది. కానీ అది తెలిసేది తాడు బిగిసిన తర్వాత. ఎక్కువైతే హుక్ తెరిచి వదిలెయ్యాలి, ఆ ట్రిప్పు వృథా. అందుకే అసలు తూకం రంపం పట్టుకున్న మనిషి దగ్గరే జరగాలి.

ఉదాహరణకి 10 మీటర్ల దుంగ, మధ్యలో అడ్డుకొలత 60 సెం.మీ. అనుకోండి. ఘనపరిమాణం సుమారు 2.8 ఘనపు మీటర్లు. పచ్చి కలప ఘనపు మీటరుకు 850 కిలోలు అనుకుంటే 2.4 టన్నులు. కె-మ్యాక్స్‌కి సరిపోతుంది. అదే పొడవు, అడ్డుకొలత మాత్రం 70 సెం.మీ. అయితే 3.85 ఘనపు మీటర్లు, అంటే 3.2 టన్నులకు పైనే. ఇక లేవదు. చూడటానికి రెండు దుంగలకు పెద్ద తేడా కనిపించదు. రంపం వాళ్ళకి అది చూపుతో తెలియాలి. తెలిసినవాళ్ళు 70 సెం.మీ. దాన్ని 8 మీటర్లకే కోస్తారు. మిల్లువాళ్ళకి కావలసిన పొడవులు కూడా పాడవ్వకూడదు. ఈ పనిలో అసలు నైపుణ్యం ఇదే.

జాతిని బట్టి కూడా మారుతుంది. సీడార్ తేలిక, ధర ఎక్కువ. హెమ్లాక్ పచ్చిగా ఉంటే నీళ్ళతో బరువెక్కి ఉంటుంది. పచ్చకొండ గారు సీడార్ గురించి అన్నదానికి ఇదీ ఒక కారణం.

ఇంకో సంగతి చాలామందికి తెలియదు. హెలికాప్టర్ ట్యాంక్ నిండా ఇంధనంతో బయల్దేరదు. ఇంధనం కూడా బరువే కదా. గంట గంటన్నరకు సరిపడా పోసుకుని వెళ్తుంది. మొదట్లో చిన్న లోడ్లు ఎత్తుతుంది, ఇంధనం తగ్గేకొద్దీ పైలట్ 'ఇక పెద్దవి కట్టండి' అంటాడు. కింద ఉన్నవాళ్ళు దానికి తగ్గట్టు దుంగల్ని జతలుగా కలుపుతుంటారు. మధ్యాహ్నం ఎండెక్కితే గాలి పల్చబడి ఎత్తే శక్తి తగ్గుతుంది, అప్పుడు మళ్ళీ లోడ్లు తగ్గించాలి. ఎత్తైన కొండల్లో ఈ తేడా ఇంకా ఎక్కువ.

స్కైక్రేన్ గంటకు 500 గ్యాలన్లు, అంటే 1,900 లీటర్ల చుట్టుపక్కల తాగుతుంది. కె-మ్యాక్స్ 85 గ్యాలన్ల దగ్గర. పెద్ద మెషిన్ గొప్పే, కానీ ప్రతి ట్రిప్పూ దాని పూర్తి బరువుకు దగ్గరగా ఉంటేనే. 9 టన్నుల మెషిన్‌తో 4 టన్నులు మోస్తే సగం ఇంధనం గాలికి పోయినట్టే.

నింగిబుడగ:
బెలూన్ల గురించి అడిగారు కదా, ఆ సంగతి నేను చెబుతాను. అవును, నిజమే. ఓరెగాన్‌లో బొహీమియా అనే కలప కంపెనీ 1960ల నుంచి హీలియం బెలూన్లతో దుంగలు దించింది. పెద్దది 5,30,000 ఘనపుటడుగుల బెలూన్. అంటే సుమారు 15,000 ఘనపు మీటర్లు. ఒక ఘనపు మీటరు హీలియం దాదాపు ఒక కిలో ఎత్తుతుంది, కాబట్టి మొత్తం 15 టన్నుల పైకి లాగే శక్తి. అందులోంచి బెలూన్ బట్ట, తాళ్ళ బరువు తీసెయ్యాలి. తిరగేసిన నీటిబొట్టులా ఉండేది.

దీని గొప్పేంటంటే, తీగలదారి గారు చెప్పిన వంపు సమస్య ఉండదు. పైకి లేపే పని బెలూన్‌ది, అటూ ఇటూ లాగే పని కింద విన్చ్ తాళ్ళది. వాలు ఉబ్బుగా ఉన్నా, లోతుగా ఉన్నా బెలూన్‌కి లెక్కలేదు. రోడ్డు నుంచి ఒక కిలోమీటరు అవతలి దుంగనైనా అందుకుంటుంది. ఇంజన్ ఆగిపోతే కూలిపోయే భయమూ లేదు.

ఇంకా పెద్ద కలలు కూడా కన్నారు. అమెరికా ఫారెస్ట్ సర్వీస్ డబ్బుతో ఫ్రాంక్ పియాసెకీ కంపెనీ పీఏ-97 హెలీస్టాట్ కట్టింది. నౌకాదళం వాడి పక్కన పెట్టిన ఎయిర్‌షిప్ సంచికి నాలుగు పాత సికోర్‌స్కీ హెలికాప్టర్లను అల్యూమినియం ఫ్రేముతో బిగించారు. రోడ్లు లేని అడవుల నుంచి 20 టన్నులకు పైగా కలప ఒకేసారి ఎత్తాలన్నది ఆశ. 1986 జులై 1న న్యూజెర్సీలోని లేక్‌హర్స్ట్‌లో పరీక్షిస్తుండగా ఫ్రేము ఊగిపోయి విరిగింది, హెలికాప్టర్లు విడిపోయి పడ్డాయి. ఒక పైలట్ చనిపోయాడు. ప్రాజెక్ట్ అక్కడితో ఆగిపోయింది.

వనవిద్య:
అయ్యో. మరి మామూలు బెలూన్లు ఎందుకు ఆగిపోయాయి? అంత బాగా పనిచేస్తే ఇప్పుడు కూడా ఉండాలి కదా.

తీగలదారి:
గాలి వల్లనమ్మా. అంత పెద్ద బెలూన్‌కి గాలి పట్టే వైశాల్యం ఎక్కువ. గాలి కాస్త పెరిగితే పని ఆపి దించి కట్టెయ్యాలి. కొండల్లో గాలి లేని రోజులు ఎన్ని దొరుకుతాయి? హీలియం ఖరీదు సరే సరి, బట్ట చిరిగితే మొత్తం పోతుంది. బెలూన్‌ని ఒక లోయ నుంచి ఇంకో లోయకు మార్చడం పెద్ద తతంగం. దారిలో కరెంటు తీగలు, చెట్లు. హెలికాప్టర్ అయితే పొద్దున్న ఇక్కడ, సాయంత్రం అక్కడ. ఆ ఒక్క సౌలభ్యం ముందు బెలూన్ నిలవలేదు. నాకైతే అది వదిలేసినందుకు బాధే. మళ్ళీ ఎవరైనా మంచి బట్టతో, మంచి విన్చ్‌లతో ప్రయత్నిస్తే బాగుండు.

కొక్కెం:
ఇందాకటి నుంచి చదువుతున్నాను. బరువులు, ఇంధనం, గాలి అన్నీ వచ్చాయి. కింద నిలబడే మనిషి గురించి గాలిమర గారు ఒకే వాక్యం రాశారు. నేను ఆ మనిషిని. చోకర్లు కట్టే పని చేశాను. చెల్లెమ్మా, నీ ప్రాజెక్ట్‌లో ఈ భాగం లేకపోతే అది సగమే.

దగ్గర నుంచి ఎలా ఉంటుందో చెబుతాను. నలభై డిగ్రీల వాలు. కాలి కింద పడిన కొమ్మలు, వాటి మీద నాచు, దాని మీద వాన. భుజాన చోకర్ల కట్ట. దుంగ కింద చెయ్యి దూర్చి తాడు అవతలికి తోయాలి. సందు లేకపోతే చేతులతో మట్టి తవ్వాలి. దుంగ ఏ వైపు దొర్లుతుందో ముందే చూసుకుని పై వైపు నిలబడాలి. అంతలో హెలికాప్టర్ వస్తుంది. ముందు మోత, తర్వాత గాలి. ఆ గాలికి చుట్టూ నిలబడిన చెట్లలో ఎండుకొమ్మలు విరిగి పడతాయి. ఎక్కడ విరుగుతున్నాయో చప్పుడు వినపడదు. హుక్ ఊగుతూ దిగుతుంది, నేలకు తగిలాకే పట్టుకోవాలి, లేదంటే కరెంటు షాక్ కొట్టినట్టు కొడుతుంది. చోకర్ కొసలు తగిలించి, ముందే ఎంచి పెట్టుకున్న దారిలో పక్కకు వెళ్ళి, పైకి చూసి, 'క్లియర్' అనాలి. ఇదంతా నిమిషం లోపు. మళ్ళీ తర్వాతి లోడ్‌కి పరుగు.

ఆ నిమిషం ఎవరి చేతిలో ఉండాలన్నది నాకు అన్నిటికంటే ముఖ్యం. ఆఫీసులో కూర్చున్నవాళ్ళకి గంటకు ఇన్ని ట్రిప్పులని లెక్క. ఒక చోట పనిచేసినప్పుడు మా సూపర్‌వైజర్ ట్రిప్పుల సంఖ్య బోర్డు మీద రాసి రోజూ పోల్చేవాడు. నేను పోట్లాడి ఆ బోర్డు తీయించాను. 'క్లియర్' అన్న మాటకు ముందు ఎవరూ తొందర పెట్టకూడదు, పైలట్ కూడా. మంచి పైలట్లు తొందరపెట్టరు.

అలాస్కా ఆగ్నేయ భాగంలో 1992 జనవరి నుంచి 1993 జూన్ మధ్య, ఏడాదిన్నర లోపే లాగింగ్ హెలికాప్టర్లు 6 కూలాయి, 9 మంది చనిపోయారు. మెయింటెనెన్స్, ఆపరేషన్ పద్ధతుల్లో లోపాలున్నాయని విచారణల్లో తేలింది. తర్వాత ప్రభుత్వ సంస్థలు, కంపెనీలు కలిసి కూర్చుని పని గంటలు, ట్రైనింగ్, తనిఖీల గురించి మాట్లాడుకున్నాక అక్కడ మరణాలు తగ్గాయి. అంటే తగ్గించడం చేతనవుతుంది. మనసు పెట్టాలంతే.

గాలిమర:
కొక్కెం అన్నా, మీరు రాసింది ప్రతి కంపెనీలో చదివించాలి.

మెయింటెనెన్స్ వైపు నుంచి ఒక మాట కలుపుతాను. మామూలు హెలికాప్టర్ ఒకసారి లేచి గంట ఎగిరి దిగుతుంది. లాగింగ్‌లో అదే గంటలో ఇరవైసార్లకు పైగా ఫుల్ పవర్‌కి వెళ్ళి దిగుతుంది. రోటార్ హబ్, గేర్‌బాక్స్, షాఫ్ట్ అన్నిటికీ అన్నిసార్లు ఒత్తిడి. గంటల లెక్క చూసి పార్టు మారిస్తే సరిపోదు, ఎన్నిసార్లు బరువెత్తిందో లెక్కపెట్టాలి. బరువు ఎక్కువైన లోడ్లు పైలట్ నిజాయితీగా రాసిపెడితేనే మెకానిక్‌కి తెలుస్తుంది. అది దాచిన చోట పని చెయ్యకూడదని నా నియమం.

ఇంకోటి, హెలికాప్టర్ ఇంజన్ ఆగినా రెక్కలు గాలికి తిరుగుతూ మెల్లగా దిగగలదని అంటారు. దానికి కొంత వేగమో, కొంత ఎత్తో ఉండాలి. లాంగ్‌లైన్ పైలట్ వేగం సున్నాగా, వంద మీటర్ల లోపు ఎత్తులో, కింద చెట్ల మధ్య నిలబడి ఉంటాడు. సరిగ్గా ఆ రెండూ లేని చోటు. రెండు ఇంజన్లుంటే ఒకటి ఆగినప్పుడు పైలట్ మొదట చేసేది లోడ్ వదిలెయ్యడం. అందుకే లోడ్ కింద, అది వెళ్ళే దారి కింద మనిషి ఉండకూడదు. ఎప్పుడూ.

పచ్చకొండ:
కొక్కెం గారికి నమస్కారం. మీలాంటివాళ్ళు చెప్పకపోతే మాకు ఈ వైపు తెలియదు.

నేను అడవి వైపు నుంచి ఇంకొంచెం రాస్తాను. నిటారు వాలు మీద రోడ్డు తవ్వితే కొండచరియలు జారతాయి, మట్టి కొట్టుకొచ్చి వాగులో చేపలు గుడ్లు పెట్టే గులకరాళ్ళను కప్పేస్తుంది. ఆ నష్టం హెలికాప్టర్ వల్ల ఉండదు, అది ఒప్పుకుంటాను. న్యూజిలాండ్ పడమటి తీరంలో రిము చెట్లను ఒక్కొక్కటిగా ఎంచుకుని హెలికాప్టర్‌తో ఎత్తారు. చుట్టూ అడవి అలాగే నిలబడింది. అయినా ప్రజలు ఒప్పుకోలేదు. ప్రభుత్వ భూముల్లోని సహజ అడవుల్లో కలప కొట్టడం 2002లో పూర్తిగా ఆగిపోయింది. 'ఎలా ఎత్తుతున్నారు' అన్న ప్రశ్నకు మంచి జవాబు ఉన్నా, 'ఎత్తాలా' అన్న ప్రశ్న మిగిలే ఉంటుంది.

అమెరికాలో కూడా 2001 నాటి రోడ్‌లెస్ నియమం రోడ్లతో పాటు కలప కొట్టడాన్ని కూడా, కొన్ని మినహాయింపులు తప్ప, ఆపింది. రోడ్డు ఒక్కటే ఆపితే హెలికాప్టర్ వస్తుందని వాళ్ళకీ తెలుసు.

నింగిబుడగ:
పచ్చకొండ గారూ, మీకు నచ్చే విషయం ఒకటి. వాషింగ్టన్ రాష్ట్రంలో అవే హెలికాప్టర్లు, అవే లాంగ్‌లైన్లతో దుంగల్ని తెచ్చి కొండవాగుల్లో వేస్తున్నారు. ఒకప్పుడు వాగులు శుభ్రం చేస్తున్నామని పడిపోయిన మానులన్నీ తీసేశారు. దాంతో నీటి వేగం పెరిగి, మడుగులు పోయి, సాల్మన్ పిల్లలకు దాక్కునే చోటు లేకుండా పోయింది. ఇప్పుడు మళ్ళీ వేస్తున్నారు.

పచ్చకొండ:
ఇది నాకు చాలా సంతోషం. రోడ్డు వెయ్యకుండా అంత లోపలికి దుంగలు చేర్చాలంటే వేరే దారి లేదు. ఈ పనికైతే హెలికాప్టర్‌ని మనస్ఫూర్తిగా సమర్థిస్తాను.

వనవిద్య:
కింద మనిషి లేకుండా ఈ పని జరిగే పద్ధతి ఏదైనా ఉందా? డ్రోన్లు వస్తాయని మా సార్ అంటున్నారు.

గాలిమర:
ఒకటి ఇప్పటికే ఉంది. బ్రిటిష్ కొలంబియాలో చెట్టును పడగొట్టకుండానే ఎత్తే పద్ధతి చేస్తారు. మనిషి చెట్టెక్కి కొమ్మలు తీసి, తల కోస్తాడు. తర్వాత మొదలు దగ్గర దాదాపు పూర్తిగా కోసి, కొద్దిగా కలప మాత్రం మిగిల్చి చెట్టు నిలబడేలా వదిలేస్తారు. అందరూ వెళ్ళిపోయాక హెలికాప్టర్ గ్రాపిల్‌తో (తాడుకు వేలాడే ఇనుప పంజాతో) పైనుంచి పట్టుకుని విరిచి నేరుగా పైకి లాగుతుంది. చోకర్ అక్కర్లేదు. చెట్టు నేలకు పడి పగలదు కాబట్టి కలప నష్టం కూడా తక్కువ. గ్రాపిల్ బరువు మాత్రం లోడ్‌లోంచి పోతుంది.

డ్రోన్ల సంగతి. మనిషి లేని కె-మ్యాక్స్ 2011 నుంచి 2014 దాకా ఆఫ్ఘనిస్తాన్‌లో అమెరికా సైన్యానికి సరుకులు మోసింది. సాంకేతికంగా కష్టమేమీ కాదు. స్వీడన్‌లో ఎయిర్‌ఫారెస్ట్రీ అనే సంస్థ కరెంటుతో నడిచే పెద్ద డ్రోన్ తయారుచేస్తోంది. అది పైనుంచి చెట్టును పట్టుకుని, కొమ్మలు చెక్కి, కోసి, మోసుకుపోతుంది. కానీ దాని లెక్క 200 కిలోల లోపు. తోటల్లో ఒత్తుగా పెరిగిన సన్న చెట్లు పలచన చెయ్యడానికి బాగుంటుంది. కొండ మీది 3 టన్నుల సీడార్‌కి కాదు.

కొక్కెం:
చెట్టు నిలబెట్టి కోసే పద్ధతిలో నా ఉద్యోగం పోతుంది, కానీ ఆ నిమిషం ప్రమాదం కూడా పోతుంది. అయితే దాని బదులు చెట్టెక్కేవాడు వచ్చాడు. సగం కోసిన చెట్టు గాలికి ముందే పడితే? అందుకే కోసినవి ఆ రోజే ఎత్తెయ్యాలి, ఆ ప్రాంతంలో ఇంకెవరూ అడుగు పెట్టకూడదు.

వనవిద్య:
చివరిగా ఒక్కటి అడుగుతాను. నేను ఒక కొండకు ప్లాన్ గీసి చూపించాలి. మ్యాప్ మీద మొదట ఏం గుర్తించాలి?

తీగలదారి:
ముందు ఒక చివరి నుంచి ఇంకో చివరికి వాలు గీతలు గీసి, ఎక్కడ స్కైలైన్‌కి వంపు దొరుకుతుందో చూడు. దొరికిన భాగం పక్కన పెట్టు. మిగిలినదే హెలికాప్టర్ ప్లాన్.

గాలిమర:
ఆ మిగిలిన భాగానికి ల్యాండింగ్ వెతుకు. దుంగల కంటే కిందుగా ఉంటే మేలు, బరువుతో పైకెక్కడం ఇంధనం తింటుంది. మరీ నిటారుగా కిందికీ ఉండకూడదు, చుట్లు తిరుగుతూ దిగాల్సి వస్తే టైం పోతుంది. ఎదురుగాలికి దిగే వీలుండాలి. ఇంధనం పోసుకునే చోటు దుంగలు దించే చోటికి వేరుగా పెట్టు, ఒకేచోట పెడితే లోడర్, ట్యాంకర్, మనుషులు అందరూ కలిసిపోతారు.

పచ్చకొండ:
కొట్టే చెట్లతో పాటు ఉంచే చెట్లను కూడా మ్యాప్ మీద గుర్తించు. ధర చూసి కాకుండా, విత్తనం కోసం, పక్షుల కోసం, వాగు ఒడ్డు కోసం ముందు అవి రాసి, తర్వాత మిగిలినవి కొట్టేవాటిలో పెట్టు.

కొక్కెం:
ప్రతి లోడ్ కట్టే చోటికీ మనిషి పక్కకు తప్పుకునే దారి గియ్యి చెల్లెమ్మా. ఎండు చెట్లు ఎక్కడున్నాయో గుర్తించి, పని మొదలయ్యే ముందే వాటిని పడగొట్టాలని రాయి. ఇద్దరు ముగ్గురు కట్టేవాళ్ళు వేర్వేరు చోట్ల ఉండాలి. ఒకరి దగ్గర హెలికాప్టర్ ఉన్నప్పుడు ఇంకొకరికి తీరిగ్గా కట్టుకునే టైం దొరుకుతుంది. కొండ పైన ఒకరు, సరిగ్గా వాళ్ళ కిందే ఇంకొకరు మాత్రం ఉండకూడదు, దుంగ జారితే కింది మనిషి మీదికే. గాయపడ్డ మనిషిని ఎత్తుకెళ్ళడానికి హెలికాప్టర్ దిగే చోటు కూడా గుర్తించు.

వనవిద్య:
ఇవన్నీ నోట్ చేసుకున్నాను. తప్పుకునే దారులు ఎర్ర పెన్నుతో గీస్తాను. ప్లాన్ గీశాక ఫోటో ఇక్కడే పెడతాను, దయచేసి అందరూ చూసి తప్పులు చెప్పండి.